కేసీ-135 ట్యాంకర్ విమానాన్ని సిమ్యులేటర్ కోసం మోడల్ చేశాను: ఎనిమిది నెలల నా అనుభవం

జూన్ 8 రాత్రి నేను చేసిన కేసీ-135ఆర్ (గాల్లోనే వేరే విమానాలకి ఇంధనం నింపే అమెరికా విమానం) మోడల్‌ని ఫ్లైట్‌గేర్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్ విమానాల్లో చేర్చుకున్నట్టు మెయిల్ వచ్చింది. మొదలుపెట్టింది 2024 అక్టోబర్ 5, శనివారం. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఏ రోజు ఎన్ని గంటలు కూర్చున్నానో రాసుకుంటూ వచ్చాను, మొన్న కూడితే 412 గంటలు తేలింది. డబ్బు ఖర్చు ఏమీ లేదు. త్రీడీ ఆకారాలు చేసే బ్లెండర్, బొమ్మలు గీసే గింప్, ఫ్లైట్‌గేర్ మూడూ ఉచితమే. ఖర్చయింది మొత్తం నిద్రా, సెలవు రోజులూ.

ట్యాంకర్ చేద్దామనుకునే వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ విమానాన్ని అందరికంటే ఎక్కువసేపు, అందరికంటే దగ్గర నుంచి చూసేది దాని వెనక, కింద వేలాడుతూ ఇంధనం తీసుకునే పైలట్. నాకు ఆ సంగతి జనవరిలో గానీ బుర్రకెక్కలేదు. అప్పటికే సగం గంటలు అయిపోయాయి.

నేను సిమ్యులేటర్లో ఎక్కువగా నడిపేది ఎఫ్-16. గాల్లో ఇంధనం నింపుకోవడం నేర్చుకోవాలని చాలాకాలం ప్రయత్నించాను. నా దగ్గరున్న పాత ట్యాంకర్ మోడల్‌కి బూమ్, అంటే ఇంధనం పంపే గొట్టం, తోకకి అంటించిన కర్రలాగా ఉండేది, కదలదు. ఆ వెనకే తిరుగుతూ ఉంటే మీటర్లో ఇంధనం దానంతటదే పెరుగుతుంది. దగ్గరికి వెళ్లానన్న భావనే రాదు. 2024 సెప్టెంబర్లో అమెరికా వైమానిక దళం కేసీ-10 విమానాలని పూర్తిగా సర్వీసు నుంచి తప్పించిందని చదివాను. 1980లో మొదటిసారి ఎగిరిన కేసీ-10 వెళ్లిపోయింది, 1956లో మొదటిసారి ఎగిరిన కేసీ-135 మాత్రం ఇంకా రోజూ పనిచేస్తోంది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, చేస్తే దీన్నే చెయ్యాలి అని. ఇంకో కారణం కూడా ఉంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో తీసిన ఫోటోలకి అక్కడ కాపీరైట్ ఉండదు, బూమ్ ఆపరేటర్ కిటికీలోంచి తీసినవీ, ఇంధనం తీసుకునే రిసీవర్ విమానాల పైలట్లు కింద నుంచి తీసినవీ వందల కొద్దీ దొరుకుతాయి. రష్యన్ ఐఎల్-78 మీద కూడా మనసు పోయింది గానీ దాని పొట్ట కింద ఫోటోలు నాకు సరిపడా దొరకలేదు.

మొదటి ఆరు వారాలు ఫ్యూజిలాజ్, అంటే విమానం ఒళ్లు. ఎక్కడో దొరికిన మూడు వైపుల డ్రాయింగ్‌ని బ్లెండర్లో వెనక పెట్టుకుని, దాని గీతల మీదే మెష్, అంటే ఆకారాన్నిచ్చే వల, లాగుతూ వెళ్లాను. ముక్కు ఒక్కదానికే పదకొండు రోజులు పట్టింది, కాక్‌పిట్ కిటికీల చుట్టూ వెర్టెక్సులు, అంటే ఆ వల బిందువులు, ఎటు జరిపినా ఏదో ఒక చోట సొట్ట పడినట్టు వెలుగు విరిగేది. నవంబర్ 16న అంతా అయిపోయిందనుకుని ముందు నుంచి తీసిన ఒక ఫోటో పక్కన పెట్టి చూశాను. రెక్కల వెడల్పు సరిగ్గా ఉంది. ఇంజన్ల మధ్య దూరం సరిగ్గా ఉంది. ఒళ్లు మాత్రం లావుగా ఉంది. ముందు ఫోటో లెన్స్ తేడా అనుకున్నాను. తర్వాత కొలిచి చూస్తే నా ఫ్యూజిలాజ్ వెడల్పు 148 అంగుళాలు. కేసీ-135ది 144.

148 అంటే బోయింగ్ 707. ఈ రెండూ 1954 జూలైలో ఎగిరిన 367-80 అనే ఒకే నమూనా విమానం నుంచి వచ్చాయి. ఆ నమూనా వెడల్పు 132 అంగుళాలు, ట్యాంకర్ కోసం 144కి పెంచారు, ప్రయాణికుల విమానం దగ్గరికి వచ్చేసరికి ఇంకో నాలుగంగుళాలు కలిపారు. నా చేతిలో ఉన్న డ్రాయింగ్ 707దే, ఎవరో కిటికీలు చెరిపేసి బూమ్ గీశారంతే. అలాంటివి ఇంకా చాలా తిరుగుతున్నాయని తర్వాత తెలిసింది.

నాలుగంగుళాలంటే పది సెంటీమీటర్లు. వదిలేద్దామా అని నిజంగానే ఆలోచించాను. మూడు రోజులు బ్లెండర్ తెరవలేదు. పక్కకి నొక్కేస్తే సరిపోతుందేమో అని ఒకసారి చేసి చూశాను, కుదరలేదు. ఈ విమానం అడ్డుకోత ఒకే వృత్తం కాదు, పైన ఒక వంపు, కింద ఇంకో వంపు కలిసి ఉంటాయి. అడ్డంగా నొక్కితే రెండూ పాడయ్యి గుడ్డులాగా అయింది, రెక్క ఒంటికి అతికే చోట మెష్ మొత్తం చిరిగిపోయింది. చివరికి ముక్కు నుంచి తోక దాకా మళ్లీ మొదలు. డిసెంబర్ 8కి పూర్తయింది. రెండోసారి మూడు వారాలే పట్టడం నాకే ఆశ్చర్యం, చెయ్యి తిరిగిపోయిందనుకుంటా. ఇప్పుడైతే ఏ డ్రాయింగ్ దొరికినా ముందు నాలుగు కొలతలు సరిచూసుకుంటాను: పొడవు 41.53 మీటర్లు, రెక్కల వెడల్పు 39.88, తోక ఎత్తు 12.7, ఒంటి వెడల్పు 3.66. నాలుగూ కలిస్తేనే మొదటి వెర్టెక్స్ పెడతాను.

రెక్కలు, ఇంజన్లు, చక్రాలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. 35 డిగ్రీల వాలు రెక్క, నాలుగు సీఎఫ్‌ఎమ్-56 ఇంజన్లు, ఒకటి చేసి మూడు కాపీలు. ఆ కాపీల దగ్గర మాత్రం రెండు రాత్రులు పోయాయి. బ్లెండర్లో ఏదైనా ఆబ్జెక్ట్‌ని కాపీ చేస్తే పేరు చివర చుక్క పెట్టి 001 అని దానంతటదే తగిలిస్తుంది. ఏ భాగం ఎలా కదలాలో చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో నేను రాసిన పేరు ఒకటి, మోడల్లో ఉన్న పేరు ఇంకొకటి, మొదటి ఇంజన్ ఫ్యాన్ తిరుగుతుంది, మిగతా మూడూ కదలవు. తప్పు కోసం ఎక్స్‌ఎంఎల్ మొత్తం అక్షరం అక్షరం చదివాను. ఎక్స్‌పోర్ట్ చేసేముందు ఆబ్జెక్ట్ పేర్ల జాబితా ఒకసారి కళ్లతో చూసుకోండి, ఐదు నిమిషాల పని.

చక్రాలు రన్‌వేలోకి అరమీటరు దిగబడిపోవడం అందరికీ జరిగేదే. నేను త్రీడీ మోడల్ మూలబిందువుని ముక్కు కొన దగ్గర పెట్టాను. ఎగిరే లెక్కలు చేసే జేఎస్‌బీసిమ్‌కి ఆ బిందువు తన కొలతల్లో ఎక్కడుందో వీఆర్‌పీ అనే పేరుతో అంగుళాల్లో చెప్పాలి. మోడల్ మీటర్లలో, ఇది అంగుళాల్లో. నేను ఒక చోట మీటర్లు రాసేశాను. సరిచేశాక విమానం నేల మీద బుద్ధిగా నిలబడింది, ఆ సాయంత్రం ఊరికే చుట్టూ కెమెరా తిప్పుతూ గంటసేపు కూర్చున్నాను.

ఇంధనం ట్యాంకుల పని నాకు చాలా నచ్చింది. మొదట్లో బద్ధకించి మొత్తం ఇంధనాన్ని మధ్యలో ఒకే ట్యాంకుగా పెట్టాను. ఎగురుతుంది, ఖాళీ అవుతుంది, కానీ విమానం ప్రవర్తనలో బరువు తగ్గడం తప్ప ఏ మార్పూ ఉండదు. అసలు విమానంలో నాలుగు మెయిన్ ట్యాంకులు, రెక్కల చివర రెండు రిజర్వ్ ట్యాంకులు, రెక్కల మధ్య ఒకటి, ఒంటి కింద ముందొకటి వెనకొకటి, తోక వైపు పై అంతస్తులో ఇంకొకటి. పదింటికీ విడివిడిగా చోటు, సామర్థ్యం, ఏది ముందు ఖాళీ కావాలి అన్న వరస రాశాక విమానానికి స్వభావం వచ్చింది. ఒంటి వెనక ట్యాంకు ముందు ఖాళీ చేస్తే ముక్కు కిందకి వాలుతుంది, ముక్కు నిలకడగా ఉండేలా ట్రిమ్ తిప్పుతూనే ఉండాలి. ముందుది ముందు ఖాళీ చేస్తే తోక బరువెక్కి విమానం నిలకడ పోతుంది. గరిష్ఠ బరువు 322,500 పౌండ్లు, అందులో 200,000 పౌండ్ల దాకా ఇతరులకి ఇవ్వగలిగే ఇంధనమే. అంతా బూమ్ గుండా పోసేస్తూ ఒక పరీక్ష నడిపాను, చివరికి అదే విమానం వేరే విమానంలాగా ఎగిరింది. ట్యాంకర్ పైలట్ పని మీద గౌరవం నాకు ఆ పరీక్షతోనే పుట్టింది.

డిసెంబర్లో మిగిలిన రోజులు, జనవరి పదో తేదీ దాకా కాక్‌పిట్. తొంభై గంటలు. ప్రతి స్విచ్, ప్రతి మీటరు ముల్లు. చాలా గర్వంగా ఉండేది.

జనవరి 12, ఆదివారం, మొదటి పరీక్ష. సిమ్యులేటర్లో పరిచయమైన ఒక తమ్ముడు ఉన్నాడు, ఎఫ్-16 చాలా బాగా నడుపుతాడు, బయట ఎప్పుడూ కలవలేదు. ట్యాంకర్‌ని ఏఐ విమానంగా, అంటే కంప్యూటరే నడిపేలా, గాల్లో తిప్పి అతన్ని వెనక్కి రమ్మన్నాను. వాయిస్‌లో నేను కాక్‌పిట్ గురించి చెప్పుకుపోతున్నాను.

"అన్నా, కాక్‌పిట్ నాకు కనపడదు కదా," అన్నాడు. "నాకు కనపడేది పొట్టే. అక్కడ ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"బూడిద రంగు గోడలా ఉంది. ఎంత దగ్గరికొచ్చానో తెలియట్లేదు. నేను ముందుకెళ్తున్నానా వెనక్కెళ్తున్నానా చెప్పడానికి ఒక్క గీతైనా లేదు."

నేను కూడా ఎఫ్-16 తీసుకుని వెళ్లి చూశాను. నిజమే. పొట్ట మొత్తానికి ఒకే రంగు పూసి వదిలేశాను, నేల మీద నిలబెట్టి చూసేటప్పుడు ఆ భాగం కనపడదు కాబట్టి. వెనక వేలాడే మనిషి చూపు అరగంటసేపు ఆ పొట్ట మీద, తోక కింద, బూమ్ మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. దూరం, వేగం, పక్కకి జరగడం, అన్నీ అక్కడున్న గుర్తుల్ని బట్టే తెలుస్తాయి. ఆ రాత్రి నీరసంగా అనిపించింది, తొంభై గంటలు వృథా అయ్యాయని కాదు, నేనే రిసీవర్ సీట్లో కూర్చునేవాణ్ణి అయ్యుండి కూడా ఈ సంగతి మర్చిపోయినందుకు.

మర్నాటి నుంచి పని తిరగబడింది. కెమెరాని బ్లెండర్లో విమానం వెనక, కింద, రిసీవర్ తల ఉండే చోట శాశ్వతంగా పెట్టేసుకున్నాను. అక్కణ్ణుంచి కనపడేది చేస్తాను, కనపడనిది చెయ్యను.

ముందు టెక్స్చర్, అంటే మోడల్ మీద అంటించే బొమ్మ. ఫ్యూజిలాజ్ పొడవు మొత్తానికి 4096 పిక్సెళ్లు వాడితే ఒక పిక్సెల్‌కి సుమారు ఒక సెంటీమీటరు వస్తుంది. దూరం నుంచి అది చాలు, పదిహేను మీటర్ల నుంచి చూస్తే అంచులన్నీ అలికినట్టు కనపడతాయి. పొట్ట మధ్య భాగాన్నీ తోక కింద భాగాన్నీ విడదీసి వాటికి వేరే టెక్స్చర్ ఇచ్చాను. ప్యానెల్ గీతలు, మధ్యగా పోయే పసుపు గీత, యాంటెన్నాలు, డ్రెయిన్ గొట్టాలు. ఆ తర్వాత మురికి. ఫోటోల్లో చూస్తే ప్రతి డ్రెయిన్ వెనకా గాలివాటున పొడుగ్గా ఒక నల్లటి చార ఉంటుంది, మొదట్లో చిక్కగా, పోనుపోను గోధుమరంగులోకి తిరిగి మాయమవుతుంది. బ్రష్‌ని ఒకే వేగంతో లాగితే అది రంగు వేసినట్టే ఉంటుంది. వేలితో తుడిచినట్టు ఒక్కో చారనీ మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో పారదర్శకతతో లాగాను. రెండు రాత్రులు అదే పని. మళ్లీ ఎఫ్-16లో వెనక్కి వెళ్లి చూస్తే ఆ చారలే నాకు కొలబద్దలయ్యాయి, ఫలానా చార కాక్‌పిట్ ఫ్రేమ్ పక్కకి వస్తే నేను సరైన చోట ఉన్నట్టు. అసలు పైలట్లు కూడా ఇలాంటి ఆనవాళ్లే వెతుక్కుంటారు.

ఇక బూమ్. నా 412 గంటల్లో 130 దీనివే.

చూడటానికి ఒక గొట్టం, లోపల ఇంకో గొట్టం, వి ఆకారంలో రెండు చిన్న రెక్కలు. ఆ రెక్కల్ని రడ్డివేటర్లు అంటారు. బూమ్ ఆపరేటర్ వెనక పొట్ట కింద గదిలో బోర్లా పడుకుని, కుడి చేత్తో ఆ రెక్కల్ని తిప్పి గొట్టాన్ని గాల్లో ఎగరేస్తాడు, ఎడమ చేత్తో లోపలి గొట్టాన్ని పొడిగిస్తాడు. నేను మొదట గొట్టాన్ని నేరుగా తిప్పాను, రెక్కలు దాంతో పాటు తిరిగాయి. కదులుతోంది గానీ గడియారం ముల్లు కదిలినట్టుంది. పదిరోజులు ఎక్కడ తేడా వస్తోందో అర్థంకాలేదు. వీడియోలు నెమ్మదిగా పెట్టి చూస్తే తట్టింది: ముందు రెక్క తిరుగుతుంది, గాలి దాన్ని తోస్తుంది, అప్పుడు గొట్టం వస్తుంది. అంటే నా వరస తలకిందులు. ఆదేశం రెక్కకి ఇచ్చి, గొట్టం కోణాన్ని దాని వెనకాల ఒక ఎక్స్‌పొనెన్షియల్ ఫిల్టర్‌తో అర సెకను ఆలస్యంగా వచ్చేలా చేశాను. అంతే, గొట్టానికి ప్రాణం వచ్చింది! ఆ రాత్రి ఒంటిగంటకి ఆ తమ్ముడికి వీడియో పంపాను, పొద్దున లేచాక నాలుగు లైన్ల మెసేజ్ పెట్టాడు, ఇప్పటికీ దాచుకున్నాను.

లోపలి గొట్టం మీద రంగు పట్టీలు ఉంటాయి. మధ్యలో ఆకుపచ్చ, అటూ ఇటూ పసుపు, చివర్లకి పోయేకొద్దీ ఎరుపు. ఎంత పొడుగు బయటికి వచ్చిందో ఆ రంగుల్ని బట్టి తెలుస్తుంది. టెక్స్చర్లో ఇది పది నిమిషాల పని, కానీ పివట్, అంటే కదలికకి ఆధారమయ్యే చోటు, సరిగ్గా లేకపోతే గొట్టం జారేటప్పుడు కొంచెం వంకరగా జారి బయటి గొట్టం గోడలోంచి రంగు తొంగి చూస్తుంది. పివట్‌ని కంటితో పెట్టకండి, రెండు చివర్ల వెర్టెక్సుల మధ్యబిందువుల్ని లెక్కేసి ఆ అంకెల్నే ఎక్స్‌ఎంఎల్‌లో రాయండి. గొట్టాన్ని తోకకి ఎత్తి కట్టే కేబుల్ కూడా చేశాను, దాన్ని ఎవరూ గమనించరు, అయినా నాకు ఇష్టం.

ఆపరేటర్ కిటికీ గాజు దగ్గర ఒక చిన్న చిక్కు వచ్చింది. గదిలో కెమెరా పెట్టి వెనక్కి చూస్తే రిసీవర్ విమానం కనిపిస్తుంది గానీ దాని కాక్‌పిట్ గాజు మాయం. ఒక పారదర్శక వస్తువులోంచి ఇంకోదాన్ని చూసేటప్పుడు ఏది ముందు గీయాలన్న వరస తప్పితే ఇలా అవుతుంది. మోడల్ ఫైల్లో గాజు ఆబ్జెక్ట్‌లన్నీ ఆఖరికి జరిపితే సరిపోయింది.

పొట్ట కింద, ముందు చక్రానికీ ప్రధాన చక్రాలకీ మధ్య రెండు వరసల లైట్లు ఉంటాయి, పైలట్ డైరెక్టర్ లైట్లు అంటారు. ఒక వరస పైకి రావాలో కిందకి దిగాలో చెబుతుంది, రెండోది ముందుకా వెనక్కా. రాత్రి పూట బ్రహ్మాండంగా కనపడ్డాయి. పగటిపూట ఎండలో అసలు కనపడలేదు. వెలుగు పెంచితే పగలు సరిపోయేది, రాత్రి కళ్లల్లో కొట్టేది. సూర్యుడి కోణాన్ని బట్టి వెలుగు మారేలా చేశాక గానీ కుదరలేదు. ఆ లైట్ల అక్షరాలు టెక్స్చర్లో అలుక్కుపోతుంటే వాటిని విడి మెష్‌గా చెక్కాను.

ఫిబ్రవరి మధ్యకి వచ్చాక అసలు ప్రశ్న. అతుక్కున్నట్టు సిమ్యులేటర్‌కి ఎలా తెలుస్తుంది? నేను చూసిన పాత లెక్కలో ట్యాంకర్‌కి 250 అడుగుల లోపు, దాని కన్నా కింద ఉంటే చాలు, ఇంధనం వచ్చేస్తుంది. మొదట్లో నాకు దగ్గరితనం ఎందుకు తెలియలేదో అప్పుడు అర్థమైంది. దాన్ని పక్కన పెట్టి ఫ్లైట్‌గేర్ స్క్రిప్టు భాష నాసల్‌లో నా స్క్రిప్ట్ రాసుకున్నాను. బూమ్ నిలువు కోణం 20 నుంచి 40 డిగ్రీలు, పక్కకి 10 డిగ్రీలు, పొడిగింపు 6 నుంచి 18 అడుగులు. నాజిల్ కొన రిసీవర్ రిసెప్టకిల్ (నాజిల్ దూరే రంధ్రం) దగ్గరికి వచ్చినప్పుడే కలవాలి, ఈ హద్దుల్లో ఏది దాటినా తెగిపోవాలి. మధ్యలో 30 డిగ్రీలు, 12 అడుగుల దగ్గర ఉంటే లైట్లు ఆకుపచ్చ. ఇంధనం వేగం కూడా మార్చాను. బూమ్ నిమిషానికి దాదాపు 6,000 పౌండ్లు పంపగలదు, ఫైటర్లు మాత్రం 1,000 నుంచి 3,000 మధ్యనే తీసుకోగలవు, కాబట్టి ఎంత వెళ్లాలన్నది రిసీవర్ చెప్పాలి.

ఫిబ్రవరి 22న రెండో పరీక్ష. నేరుగా ఎగురుతుంటే అద్భుతంగా పనిచేసింది. నాలుగు నిమిషాలు అతుక్కునే ఉన్నాడు. ట్యాంకర్ మలుపు తీసుకోగానే తెగిపోయింది. మళ్లీ కలిశాడు, మళ్లీ మలుపు, మళ్లీ తెగింది. ఏడుసార్లు. "నేను కదల్లేదన్నా, ఒట్టు," అంటాడు. నిజంగానే అతను కదల్లేదు, బూమ్ కూడా కళ్లకి సరిగ్గా అతని మీదే ఉంది.

తొమ్మిది రోజులు. అంత టెన్షన్ ఈ మొత్తంలో ఇంకెప్పుడూ పడలేదు. ఫిల్టర్ అనుమానించాను, వేగం అనుమానించాను, ఒకరోజు పాత కాపీని కొత్త దాని మీద సేవ్ చేసేసి మూడు రోజుల పని పోగొట్టుకున్నాను. మార్చి 3న ఒక కాగితం మీద విమానాన్ని వెనక నుంచి చూసినట్టు గీసి, 25 డిగ్రీలు వంచి గీస్తే అప్పుడు కనపడింది. నాజిల్ కొన విమానం నడుమ గీతకి సుమారు ఏడు మీటర్ల కింద ఉంటుంది. విమానం ఒరిగితే ఆ కొన కూడా దాంతో పాటు పక్కకి ఊగాలి. నా స్క్రిప్ట్ మాత్రం విమానం ఏ దిక్కుకి తిరిగిందో అది ఒక్కటే లెక్కలోకి తీసుకుని, ఒరగడాన్ని వదిలేసింది. ఏడు మీటర్లకి 25 డిగ్రీలంటే దాదాపు మూడు మీటర్ల తేడా. కంటికి కనపడే బూమ్ ఒకచోట, లెక్కలో ఉన్న బూమ్ మూడు మీటర్ల పక్కన. దిక్కు, ముక్కు ఎత్తు, ఒరుగు మూడూ కలిపి తిప్పేలా పదకొండు లైన్లు మార్చాను. ఆ రాత్రే అతను రెండు పూర్తి చక్కర్లు అతుక్కుని తిరిగాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు, వాయిస్‌లో అతని ఊపిరి మాత్రం వినపడుతోంది.

మార్చి నెల నెట్‌వర్క్‌కి పోయింది. ఇద్దరు మనుషులు, రెండు కంప్యూటర్లు. 300 నాట్లంటే సెకనుకి 154 మీటర్లు, నెట్ ఆలస్యం పదో వంతు సెకను ఉన్నా పదిహేను మీటర్ల తేడా. నా తెర మీద అతను ఒకచోట, అతని తెర మీద నేను ఇంకోచోట. ఆరడుగుల హద్దులు పెట్టుకున్న చోట ఇది ఎలా కుదురుతుంది? చాలా ఆలోచించి, కలిశామా లేదా అన్న తీర్పు పూర్తిగా రిసీవర్ కంప్యూటర్‌కే వదిలేశాను, ఎందుకంటే కష్టపడి నిలబెడుతున్నది అతను, అతని కంటికి కనపడేదే నిజం కావాలి. ట్యాంకర్ వైపు బూమ్ ఆపరేటర్ సీట్లో కూర్చున్నవాళ్లకి చిత్రం కొంచెం వణుకుతుంది. దానికి నా దగ్గర ఇంకా మందు లేదు.

మార్చి 30 నుంచి వారం రోజులు కంప్యూటర్ మీద మోడల్ బరువు తగ్గించడం. నడిపే మోడల్ 96,000 పాలిగాన్లు (మెష్‌లోని చిన్న ముక్కలు), ఏఐ రకానికి 14,000. ఏఐ మోడల్లో కాక్‌పిట్ మొత్తం తీసేశాను, పొట్టా బూమ్ మాత్రం ముట్టుకోలేదు. ఫ్రేమ్ రేట్ 31 నుంచి 54కి వెళ్లింది.

ఏప్రిల్ 6న పంపాను. 24 రోజులు ఏమీ లేదు. అక్కడ చూసేవాళ్లు కూడా నాలాగే ఉద్యోగాలయ్యాక కూర్చునేవాళ్లే అని తెలుసు, అయినా రోజుకి పదిసార్లు మెయిల్ తెరిచేవాణ్ణి. ఏప్రిల్ 30న జవాబు వచ్చింది, మోడల్ బాగుందన్నారు, లైసెన్స్ గురించి ఒక ప్రశ్న అడిగారు. రెక్కల మీద రివెట్ల టెక్స్చర్ ఎక్కడిది? నేను అక్టోబర్లో ఒక సైట్ నుంచి తీసుకున్నాను, ఉచితం అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో వ్యాపారానికి వాడకూడదు అని కూడా ఉందని అప్పుడు చూడలేదు. ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చనే జీపీఎల్ లైసెన్స్‌లో పెట్టే మోడల్‌కి అలాంటి షరతు ఉన్నది పనికిరాదు. వాళ్లు అడగకపోతే నేను గుర్తించేవాణ్ణే కాదు. అది రెక్కలు, తోక, ఇంజన్లు అన్నింటి మీదా పరుచుకుని ఉంది. మొత్తం తీసేసి రివెట్లు నేనే గీశాను, 18 రోజులు. మొదటి రోజు నుంచే ఏ ఫోటో, ఏ టెక్స్చర్ ఎక్కణ్ణుంచి, ఏ లైసెన్స్ కింద వచ్చిందో ఒక ఫైల్లో రాసుకోండి. నేను ఏప్రిల్లో ఆ ఫైల్ తయారుచెయ్యడానికి బ్రౌజర్ హిస్టరీ అంతా తవ్వాల్సి వచ్చింది. మే 18న మళ్లీ పంపాను, ఇంకో మూడు వారాలకి జూన్ 8 వచ్చింది.

ఆ మెయిల్ చూసి ముందు తమ్ముడికే చెప్పాను. అతను అప్పటికప్పుడు కొత్తగా డౌన్‌లోడ్ చేసుకుని, నేను ట్యాంకర్ నడుపుతుంటే చీకట్లో వెనక్కి వచ్చాడు. నేను ఆటోపైలట్ పెట్టి బూమ్ గదిలోకి కెమెరా మార్చుకున్నాను. రెండు చిన్న లైట్లు నల్లటి ఆకాశంలోంచి మెల్లగా పెద్దవయ్యాయి, రిసెప్టకిల్ తలుపు తెరుచుకుంది, నేను గొట్టం పొడిగించాను, పసుపు పోయి ఆకుపచ్చ పట్టీ బయటికి వచ్చింది.

ఇప్పుడు బూమ్ చివర తగిలించే డ్రోగ్ పని మొదలుపెట్టాను, ప్రోబ్ (ముందుకి పొడుచుకొచ్చే ఇంధనం గొట్టం) ఉన్న విమానాల కోసం. చిన్న గొట్టం, దాని చివర బుట్ట. గొట్టానికి ప్రస్తుతం ఆరు ముక్కలు పెట్టాను, వంగేటప్పుడు కీళ్ల దగ్గర విరిగినట్టు కనపడుతోంది. రేపు పన్నెండు చేసి చూస్తాను.